రాయప్ప స్వామి తెల్లంగీ

కాలం చేసిన మా ఊరి చర్చి ఫాదరు రాయప్ప స్వామిని పునీతుడిగా ప్రకటింపజేయాలని ఆదోనిలో కొందరు పెద్దలు కమిటీ వేశారన్న మాట విని, మా ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధి మొత్తం నోరు తెరిచింది. ఆయన ప్రసంగం మొదలుపెడితే ముందు వరసలో ముసలివాళ్లు, వెనక వరసలో పిల్లలు హాయిగా కునుకు తీసేవారు. ఆయన పాట ఎత్తుకుంటే మాత్రం వాళ్లే ఉలిక్కిపడి లేచేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లకు పైగా మా మధ్యే ఉన్నా, మా వీధిలో ఒక్కరినీ తన మతంలో కలుపుకోలేదు. పైగా శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దర్శనానికి పోతామంటే, తన జీపులోనే తీసుకుపోయి దింపి వచ్చేవాడు. ఇటువంటి ఫాదరు ఏ మతానికైనా నష్టమే కదా!

ఆ జీపు తోస్తే తప్ప కదిలేది కాదు. నెలలు నిండిన ఆడవాళ్లను అందులో ఎక్కించుకుని ఆదోని ఆసుపత్రికి చేర్చడమే ఆయనకు పెద్ద పని. తోసి తోసి నడుములు పడిపోయింది మాకు, పుణ్యమంతా ఆయనకు.

ఈరమ్మ కథ కూడా ఆ జీపులోనే మొదలైంది. ఆమె పుట్టిల్లు దేవనకొండ పక్క పల్లె. ఉరుకుందప్పను కట్టుకున్నాకే మగ్గం మొహం చూసింది. మొగుడికీ పెళ్లానికీ ఒకే దేవుడి పేరు ఉన్నా, ఆ దేవుడు కూడా ఆ ఇంటివైపు చూడడం మరిచిపోయాడేమో, మొదటి ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. మూడో కాన్పుకు రాయప్ప స్వామి జీపు ఎక్కింది. ఆదోని ఇంకా సగం దూరం ఉండగానే బిడ్డ పుట్టేశాడు.

మాలో పసిబిడ్డను కొత్త గుడ్డలో పడుకోబెట్టరు. బాగా బతికిన పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన పాత గుడ్డలో పొత్తిళ్లు చేస్తారు, వాళ్ల ఆయుష్షు బిడ్డకు వస్తుందని. ఈరమ్మ అత్త పాతచీర మూటకట్టి పెట్టుకుంది గానీ, హడావుడిలో అది ఇంట్లోనే ఉండిపోయింది.

"గుడ్డ యాడుందే?" అని అరిచింది తోడొచ్చిన పక్కింటి హుసేనమ్మ.

రాయప్ప స్వామి జీపు ఆపి, కాళ్ల దాకా ఉండే తన తెల్లంగీ విప్పి ఇచ్చేశాడు. బనియనుతో ఆసుపత్రి చేరాడు. కాపలావాడు డ్రైవరనుకుని గేటు దగ్గరే కూర్చోబెట్టాడు. మహానుభావుడు కాదనకుండా అక్కడే కూర్చున్నాడు.

"పిల్లాజెల్లా లేనోని గుడ్డలో బిడ్డను పండబెట్టినారు, అది దక్కుతాదా?" అని వీధిలో అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకున్నారు. బిడ్డ దక్కాడు. వాడే మహేశ్వర్. ఆ తర్వాత అదే అమ్మలక్కలు కడుపుతో ఉన్న కూతుళ్లను వెంటబెట్టుకుని ఆ తెల్లంగీ కోసం ఈరమ్మ గడప తొక్కారు. ఒక ఇంట్లో ఉతికి ఆరేస్తే ఇంకో ఇంటికి పోయేది. చిరిగిన కొద్దీ ముక్కలు చేసి పంచుకున్నారు. ఏ మతమని ఏ పసిబిడ్డా అడగలేదు, తడిపి ఊరుకుంది.

ఉరుకుందప్ప రుణం తీర్చుకోవాలని కొత్త అంగీకి తెల్లగుడ్డ నేశాడు. ఎర్రంచు వేసి మరీ నేశాడు. "అంచు లేని తెల్లగుడ్డ సచ్చినోళ్లకు కప్పుతాము. బతికినోళ్లకు ఎట్లిస్తాము స్వామీ?" అన్నాడు. రాయప్ప స్వామి ఆ ఎర్రంచు అంగీ వేసుకుని ఆదోనిలో పెద్ద పండగకు పోయాడు. తోటి ఫాదర్లు నవ్వితే తనూ నవ్వాడు. పోయాక అదే వేసి పాతిపెట్టమని చెప్పి మరీ పోయాడు.

ఇక్కడే కమిటీకి చిక్కొచ్చింది. ఆదోనిలో స్మారక గది కట్టారు, లోపల అద్దాలపెట్టె పెట్టారు, పెట్టెలో పెట్టడానికి మాత్రం ఏమీ లేదు. మనిషి అన్నీ పంచేసి పోయాడు, వెనక వచ్చే కమిటీ గురించి ఆలోచించనే లేదు. చివరికి కమిటీ పెద్ద ఇన్నయ్య మాస్టారు వాసన పట్టుకుని ఈరమ్మ ఇంటికి వచ్చాడు. ఆమె పెట్టెలో ఆ పాత తెల్లంగీ ముక్క ఇంకా ఒక్కటి మిగిలి ఉంది.

"చూడమ్మా, వేలమంది కళ్లకద్దుకుంటారు. ప్రారంభోత్సవం దగ్గరపడింది," అన్నాడాయన.

"మా కోడలు రూపకు ఒక బిడ్డ పోయింది సారూ. మళ్లా నెలలు నిండుతాండాయి. ఈ బిడ్డను దాంట్లో పండబెట్టినాక ఇస్తాను."

"పవిత్ర వస్తువమ్మా అది! పసిపిల్లలు దాని మీద..."

"ఇన్నేండ్లు పిల్లోళ్లు సేసిందదే గదప్పా! స్వామి ఒక్కనాడన్నా వద్దన్యాడా?"

ఇన్నయ్య మాస్టారు మొహం గంటు పెట్టుకుని వెళ్లాడు. ఉత్సవానికి ముందురోజు చివరి ప్రయత్నంగా మళ్లీ వచ్చేసరికి ఇంటికి తాళం. రూపకు ముందే నొప్పులు వచ్చి ఆదోని తీసుకుపోయారని తెలిసి, ఆసుపత్రికే పరిగెత్తాడు. పాపం, ఉత్సవం ఆగకూడదు కదా!

బిడ్డ మరీ చిన్నది. నర్సు ఆ గుడ్డను ఉడకబెట్టించి, రూప రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టిన బిడ్డకు కప్పింది. అరచెయ్యంత గుడ్డ కింద గుప్పెడు ప్రాణం. ఈరమ్మ గోడకు ఆనుకుని, ఈరన్న పేరూ రాయప్ప పేరూ కలిపి గొణుగుతోంది. ఆమె పోగొట్టుకున్న ఇద్దరూ ఆ కళ్లల్లో కనిపిస్తున్నారు. తోడుగా పోయిన నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నయ్య మాస్టారు తలుపు దాకా వచ్చి బిడ్డను చూశాడు. వచ్చిన దారినే వెనుదిరిగాడు.

మర్నాడు ఖాళీ పెట్టె మీద పట్టుగుడ్డ కప్పి ఉత్సవం జరిపించారు. జనం ఆ పట్టుగుడ్డకే భక్తిగా దండం పెట్టారు. దండానికి లోపలేముందో ఎందుకు?

బిడ్డ బతికింది. పాలు తాగి ఒళ్లు చేశాక, ఈరమ్మ మాట ప్రకారం గుడ్డ తెచ్చి ఇచ్చింది. దాని నడుమ ఒక పసుపు మరక. ఇన్నయ్య మాస్టారు ఎంత ఉతికించినా వదల్లేదు. అట్లాగే పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అడిగినవాళ్లకు "స్వామివారు చెమటోడ్చిన గుర్తు," అని చెప్పసాగాడు.

ఒక ఆదివారం ఈరమ్మ మనవరాలిని చంకనేసుకుని చూడ్డానికి పోయింది. మేమూ వెంట పోయాం. ఆ చెమట కథ విని ఆమె ఊరుకుంటుందా?

"సెమట కాదు, గిమట కాదు! అది మా పాపది సారూ," అంది గది మారుమోగేలా.

వరసలో నిలబడ్డవాళ్లు పక్కున నవ్వారు. ఇన్నయ్య మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. నవ్వనిది ఒకే ఒక్క మనిషి, మాధవరం నుంచి వచ్చిన అంజినమ్మ. నిండు గర్భిణి. పెట్టె దగ్గరకు వచ్చి అద్దం మీద చెయ్యి ఆనించింది.

"సారూ, నాకు రెండుసార్లు పోయినాయి. కాన్పు దాకా ఇస్తారా? ఉతికి తెచ్చిస్తాను."

ఇన్నయ్య మాస్టారు ఆమెను చూశాడు, ఈరమ్మ చంకలోని బిడ్డను చూశాడు. తర్వాత జేబులో తాళంచెవి కోసం వెతుక్కున్నాడు.

ఆ గది చూడ్డానికి ఇప్పుడు మీరు ఆదోని పోతే, చాలాసార్లు ఖాళీ పెట్టే కనిపిస్తుంది. గుడ్డ ఎప్పుడు తిరిగొస్తుందని అడిగితే, ఇన్నయ్య మాస్టారు విసుక్కోకుండా చెబుతాడు: "ఇంకా నొప్పులు రాలేదంట."