ఐదు గదుల్లో ఐదు దస్తీలు

ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది గానీ, తెలంగాణ వచ్చిన కొత్తల్లో, ఫోన్‌లో పాఠం చెప్తామంటే జనం మమ్మల్ని ఎగాదిగా చూసే ఆ రోజుల్లో, నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఎక్కడ కూర్చున్నా, అంతకంటే ముఖ్యమైనదేదో ఇంకోచోట జరిగిపోతోందని బెంగ. పెళ్లికి పోతే మంటపం దగ్గరున్నంతసేపూ వంటల దగ్గర ఏమవుతోందోనని, వంటల దగ్గరికి పోతే తాళి కట్టేశారేమోనని. (మా అక్క పెళ్లిలో ఆ రెండూ చూడలేకపోయాను.) నన్ను చూసిన మా అవ్వ, ఈ పిల్లకు ఏ ఉద్యోగమొచ్చినా కుర్చీ ఖర్చు మిగులుతుంది అనేది.

ఉద్యోగం నిజంగానే వచ్చింది. మహబూబ్‌నగర్‌లో మూడు కుర్చీల ఆఫీసు: మేడం, లెక్కల సార్, నేను. పదో తరగతి పిల్లల కోసం పాఠాలు వీడియో తీసి ఊళ్లకు పంపేవాళ్లం. అరవై పాఠాలనూ ఒకే పేజీలో, తెరవగానే అన్నీ కనబడేలా అమర్చింది నేనే. పిల్లలు దేన్నీ పోగొట్టుకోకూడదని నా ఉద్దేశం. పిల్లలు అన్నీ తెరిచేవాళ్లు, ఒక్కటీ పూర్తిగా చూసేవాళ్లు కాదు. ఎవరు ఎక్కడ ఆపేశారో మా కంప్యూటర్ చూపించేది. అందరూ పదో నిమిషానికల్లా మాయం. వేసవిలోపు పిల్లలు పాఠాలు పూర్తిచేయడం మొదలుపెట్టకపోతే ఆఫీసు మూసేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పారు. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేను. ఆత్మకూరు వైపు గొర్రెలు కాసుకునే మా బాపు ఆ సంగతి కనబడ్డ వాళ్లందరికీ చెప్పేశాడు. (గొర్రెలకు కూడా చెప్పే ఉంటాడని మా అవ్వ అనుమానం.) అలాంటి ఉద్యోగం ఏడాది తిరక్కుండానే పోతే ఆయనకు మొహం ఎలా చూపించాలన్నదే నా దిగులు.

అప్పుడు హైదరాబాద్‌లో ఆన్‌లైన్ చదువుల మీద ఒక సదస్సు జరుగుతుందని తెలిసింది. మా ఆఫీసు నుంచి ఒక్కరికే అవకాశం. లెక్కల సార్ గొంతు పోయి సైగలతో కాలం గడుపుతున్నాడు కాబట్టి మేడం నన్ను పిలిచింది. “పిల్లలు నడుమల్నే ఎందుకు లేచిపోతున్నరో తెల్సుకొని రా బిడ్డా. ఒక్క మాట గూడ ఇడిసిపెట్టకు” అంది. అసలే నేను, పైగా ఆ మాట. కార్యక్రమం కాగితం చూస్తే ఒకే సమయంలో ఐదు గదుల్లో ఐదు ప్రసంగాలు! ఏది వినాలో తోచక సాయంత్రం బాపుకు ఫోన్ చేశాను. సదస్సంటే ఏమిటో ఆయనకు తెలియదు, కానీ పొట్టేళ్ల సంత తెలుసు. “ముందుగాల సంతంత ఒక చుట్టు తిరుగు బిడ్డా. మొదలు కనవడ్డ పొట్టేలు కాడనే నిలవడితె ఎట్ల?” అన్నాడు. నాకది బ్రహ్మాండంగా తోచింది. మరునాడు పొద్దున బస్టాండులో నీలం గళ్ల దస్తీలు అర డజను కొన్నాను. కిటికీలోంచి బస్సు సీటు మీద దస్తీ వేస్తే ఆ సీటు మనదేనని మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. దాన్ని తీసి పక్కన పెట్టి కూర్చున్నవాడితో ఊళ్లో ఎవరూ సరిగా మాట్లాడరు. ఐదు గదులకు ఐదు దస్తీలు, ఆరోది మొహం తుడుచుకోవడానికి.

ప్రసంగాలు మొదలుకాకముందే ఐదు గదుల్లోనూ ముందు వరుసలో దస్తీలు వేసేశాను. ఇక మొదలైంది నా పరుగు. ఒక గదిలో పది నిమిషాలు, తర్వాత నలుగురి మోకాళ్లు దాటుకుంటూ బయటికి, ఇంకో గదిలో పది నిమిషాలు. ఒకచోట ప్రశ్న విని ఇంకోచోట జవాబు వినేదాన్ని, కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. ఆనాటి నోటుపుస్తకం ఇంకా నా దగ్గరుంది. “ముఖ్యమైన విషయాలు మూడు. ఒకటి” అని రాసి ఉంది, అంతే. ఆ కింద “అందుకే ఇది ఎన్నడూ చేయకూడదు” అని రాసి, దాని కింద రెండు గీతలు కూడా కొట్టాను. ఏది చేయకూడదో మాత్రం ఈనాటికీ తెలియదు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న వాచ్‌మన్ పెద్దాయన నన్ను ఏడోసారో ఎనిమిదోసారో చూసి లేచి వచ్చాడు. “కడుపుల మంచిగ లేదా బిడ్డా? దవాఖాన గీ పక్కకే ఉన్నది” అన్నాడు మెల్లగా. సిగ్గుతో చచ్చిపోయాను గానీ పరుగు ఆపలేదు.

మధ్యాహ్నం నాలుగో గదిలో, హుజూర్‌నగర్ వైపు బడిలో చాలాకాలం పనిచేసిన ఒక పెద్ద టీచరమ్మ మాట్లాడుతోంది. పిల్లలు పాఠం మధ్యలో ఎందుకు వెళ్లిపోతారన్నదే ఆమె విషయం. నేను వచ్చిందే దానికోసం. పది నిమిషాలు చెవులు రిక్కించి విన్నాను. ఇదే నా పొట్టేలు అనుకున్నాను. అనుకున్నాక కూర్చోవాలి కదా? లేదు, ఇంకొక్క చుట్టు తిరిగి వచ్చేద్దాం, దస్తీ ఎలాగూ ఉంది అని లేచాను. పక్క గదిలో తలుపు దాకా జనం నిండిపోయి, లోపల ఇరుక్కున్నాను. బయటపడి పరుగెత్తుకొచ్చేసరికి నాలుగో గది ఖాళీ. టీచరమ్మ లేదు, నా దస్తీ కూడా లేదు. మెట్ల మీద కూలబడ్డాను. ఏ ఒక్క మాట కోసం నన్ను పంపారో ఆ మాట నేను లేకుండానే చెప్పడం అయిపోయింది. మేడంకు ఏం చెప్పాలి, బాపుకు ఏం చెప్పాలి అనుకుంటుంటే ఆరో దస్తీతో పని పడింది.

ముగింపు సభలో వేదిక మీది ఆయన ఒక ప్రకటన చేశాడు. ఐదు గదుల్లోనూ ఒకే రకం నీలం దస్తీలు దొరికాయనీ, ఏదో సంస్థ నుంచి వచ్చిన ఐదుగురివి అయి ఉంటాయనీ, ఆ ఐదుగురూ దయచేసి ముందుకు రావాలనీ చెప్పాడు. నేను తల వంచుకుని కాళ్ల వంక చూసుకుంటున్నాను. తలుపు దగ్గరి వాచ్‌మన్ పెద్దాయన మాత్రం ఎంతో సాయం చేస్తున్నవాడిలా నా వైపు చెయ్యి చూపించాడు. ఐదుగురి బదులు ఒక్కదాన్నే వేదిక దాకా నడిచాను. సభంతా నవ్వు. అక్కడ బల్ల మీద నాలుగు దస్తీలే ఉన్నాయి. ఐదోది పట్టుకుని టీచరమ్మే వచ్చింది.

“నీదేనా బిడ్డా గిది? ముప్పావు గంట నేను గీ దస్తీకే చెప్పిన. మంచిగనే విన్నది” అంది. ఆమెకు కోపం లేదు, నాకే ఏడుపొచ్చింది. పది నిమిషాలకే ఎందుకు లేచిపోయావని అడిగితే అబద్ధం రాలేదు. “పక్క గదిల ఇంకింత మంచిది చెప్తున్నరేమో అనుకున్న మేడం” అన్నాను. ఆమె నవ్వు ఆపుకోలేక నా భుజం పట్టుకుంది.

“మా పిల్లలు గూడ గిదే చెప్పిండ్రు. అన్ని పాఠాలు ఒక్కపారే ముందర వెడితె, ఎవలన్న ఒక్కదాని కాడ కూసుంటరా? ఒక్కటి చూపియ్యి. అది అయినంకనే రెండోది తెరువు.”

అరవై పాఠాల పేజీ నా కళ్ల ముందు కదిలింది. పిల్లలు ప్రతి పాఠం మీదా ఒక దస్తీ వేసి వెళ్లిపోతున్నారు. ఆ సంత పెట్టింది నేనే. మర్నాడు మేడంకు దస్తీలతో సహా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వి, చివరికి కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఆ పేజీ తీసెయ్యి” అంది. తీసేశాం. పిల్లలందరూ మారిపోయారని చెప్పను గానీ, వేసవి నాటికి ఆఫీసు మూసే మాట ఎవరూ ఎత్తనంత మంది పాఠాలు పూర్తిచేశారు. బాపు మాత్రం, చూశావా, సంతలో తిరగమన్నది నేనే కదా అని ఇప్పటికీ ఆ ఘనత తన ఖాతాలోనే వేసుకుంటాడు.

ఇప్పుడు నన్నే సదస్సులకు మాట్లాడమని పిలుస్తున్నారు. మొన్నామధ్య ఒకచోట మాట్లాడుతుంటే ముందు వరుసలో ఖాళీ కుర్చీ మీద ఎవరిదో నీళ్ల సీసా. దాని వైపే చూస్తూ, మర్యాదగా, మొత్తం ప్రసంగం చెప్పాను. అందరూ వెళ్లాక ఒక అమ్మాయి రొప్పుకుంటూ లోపలికి వచ్చి, నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. సీసా చేతికిచ్చి టీచరమ్మలా నాలుగు మంచి మాటలు చెబుదామనే నోరు తెరిచాను. కానీ అంతకుముందు నేను ప్రసంగిస్తున్నంతసేపూ పక్క గదిలోంచి ఒకటే చప్పట్లు.

“గా గదిల ఏం చెప్పిండ్రు బిడ్డా?” అన్నాను, కుర్చీ ఆమె దగ్గరికి జరుపుతూ. “జర మొదటికెల్లి చెప్పు.”