ఓదెలు అడిగిన ప్రశ్న

చాంద్రాయణగుట్టలో ఓదెలును రెండు రకాలుగా గుర్తుపడతారు. పాతవాళ్లకు ఆయన పాల ఎల్లప్ప చిన్నకొడుకు. ఈ మధ్య అద్దెకు వచ్చినవాళ్లకు మంచు దేశం పోయొచ్చినాయన. ఈ రెండో పేరంటే ఆయనకు విసుగు. చాయ్ హోటల్లో కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు మొదలుపెడతారు.

"అక్కడ ఏముంటది అన్నా?"

"మంచు."

"ఇంకేముంటది?"

"గాలి."

అంతకు మించి చెప్పడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి. సర్కారు ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్లుగా జనరేటర్ మెకానిక్. డ్యూటీ దిగి ఇంటికి వచ్చాక చేతులకు అంటిన నూనె కడుక్కునే ఓపిక కూడా ఉండదు. భార్య స్వరూప సబ్బు, చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడితే అప్పుడు కడుగుతాడు.

పదహారేళ్ల కింద ఆ ఫ్యాక్టరీ నుంచే ఆయనను అంటార్కిటికాలోని మన దేశపు కేంద్రానికి పంపారు. అక్కడి జనరేటర్లు ఆగితే వేడి ఆగుతుంది, నీళ్లు ఆగుతాయి, ఇరవై అయిదుగురి ప్రాణం ఆగుతుంది. అలాంటి చోట పద్నాలుగు నెలలు. అప్పుడు కూతురు కీర్తిప్రియకు నాలుగేళ్లు.

ఆ బృందంలో జగదీశ్వర్ సార్ అని భూగర్భ శాస్త్రవేత్త ఉండేవాడు. మన పట్నం మనిషే, ఓదెలుకంటే మూడేళ్లు పెద్ద. గోడ మీది పటం చూపించి, "ఈ నేలకు నార్వే రాణి పేరు పెట్టారు. చుట్టూ కొండలకు కూడా వాళ్ల పేర్లే. వందేళ్ల కింద మంచును చదివినవాళ్లు వాళ్లు, మనమింకా ఆ చదువే చదువుతున్నాం," అనేవాడు. నాన్‌సెన్, ఆమండ్‌సెన్ పేర్లు చుట్టాల పేర్లలా పలికేవాడు. ఓడను కావాలని మంచులో ఇరికించి, ఆ మంచుతో పాటే ఉత్తర ధ్రువం వైపు కొట్టుకుపోదామని చూసినవాడు నాన్‌సెన్. దక్షిణ ధ్రువాన్ని అందరికంటే ముందు ముట్టినవాడు ఆమండ్‌సెన్. ఓదెలు పానా తుడుచుకుంటూ వినేవాడు. కథ చెప్పడం సార్‌కు బాగా వచ్చు.

మార్చి నెలాఖరున సార్ రాళ్ల నమూనాలకు బయలుదేరదామన్నాడు. చక్రాల బదులు ఇనుప పట్టీలతో మంచు మీద పోయే బండి నడపడం ఓదెలు పని.

"వద్దు సార్. గాలి మారింది. రెండు దినాలు ఆగుదం," అన్నాడు ఓదెలు.

"రెండు రోజులాగితే సీజన్ అయిపోతుంది. నువ్వు బండి తియ్యి."

తీశాడు. ముప్పై కిలోమీటర్లు పోగానే తుఫాను పట్టుకుంది. ముందు అద్దం బయట తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. డీజిల్ పైపుల్లోనే గడ్డకట్టింది. ఇంజను ఆగింది. రేడియోలో గరగర తప్ప మాట రాలేదు. మంచం కంటే కొంచెం పెద్దదైన ఆ క్యాబిన్లో ఇద్దరూ నాలుగు రోజులున్నారు. ఒకటే చిన్న స్టవ్వు, కొన్ని బిస్కెట్లు, కరిగించిన మంచు నీళ్లు.

రెండో రోజు సార్ కుడి పాదం తెల్లబడింది. గిల్లితే తెలియలేదు. ఓదెలు ఆ పాదాన్ని తన స్వెట్టర్ల లోపల, ఉత్త పొట్ట మీద పెట్టుకున్నాడు. మంచుగడ్డ మింగినట్టు పేగులు ముడుచుకుపోయాయి. గంటలు గంటలు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. నిద్ర పోవద్దు, మాట్లాడమని సార్‌ను కుదుపుతుంటే, ఆయన జొహాన్సెన్ కథ ఎత్తుకున్నాడు.

నాన్‌సెన్ ఓడలో వేరే కొలువు దొరక్క, బాయిలర్‌కు బొగ్గేసే పనికి చేరినవాడు జొహాన్సెన్. చివరికి ఓడ వదిలి మంచు మీద నడుస్తూ పోయింది వాళ్లిద్దరే. అంతకు ముందు ఏ మనిషీ పోనంత ఉత్తరానికి పోయారు. తిరిగొస్తూ రాళ్ల గుడిసె కట్టుకుని, ఎలుగు మాంసం తింటూ, ఒకే సంచిలో దూరి చలికాలమంతా గడిపారు. అయినా ఒకరినొకరు 'మీరు' అనే పిలుచుకునేవాళ్లు. ఆ సంవత్సరం ఆఖరి రోజున నాన్‌సెనే అన్నాడట, ఇక మనం 'నువ్వు' అనుకుందామని.

అక్కడికి కథ ఆపి సార్ ఓదెలు వైపు తిరిగాడు. "ఓదెలూ, నువ్వు కూడా నన్ను సార్ అనకు," అన్నాడు.

"మరి ఏమనాలె?"

"పేరు పెట్టి పిలువు."

"అన్నా అని పిలుస్త," అన్నాడు ఓదెలు. సార్ తలూపి ఏడ్చాడు. నాలుగో రోజు గాలి తగ్గి, కేంద్రం నుంచి బండి వచ్చింది. సార్ పాదం దక్కింది. చిటికెన వేలు ఒక్కటే పోయింది.

వారం తర్వాత ప్రమాదం రిపోర్టు తయారైంది. 'వాహనం ఇంధన వ్యవస్థ నిర్వహణలో లోపం' అని రాసుంది. కింద జగదీశ్వర్ సంతకం. వాతావరణం బాగాలేదని హెచ్చరించిన మాట ఎక్కడా లేదు. ఓదెలు ఆ ఇంగ్లీషు వాక్యాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. మెకానిక్ సంతకం చేయాల్సిన చోట చేశాడు. ఆ పూట నుంచి మళ్లీ సార్ అనే పిలిచాడు. జగదీశ్వర్ కూడా అలా ఎందుకని అడగలేదు.

పాదానికి కట్టు కట్టిన డాక్టర్ కృపాకర్‌కు మాత్రం ఆ రిపోర్టు మీద అనుమానం వచ్చింది. సూర్యుడు కనపడని ఆ నెలల్లో ఒకరోజు ఆయన అక్కడి లైబ్రరీ నుంచి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, జొహాన్సెన్ మిగతా కథ తెలుగులో చెప్పాడు. పదిహేనేళ్ల తర్వాత అదే జొహాన్సెన్ ఆమండ్‌సెన్ వెంట దక్షిణానికి వచ్చాడు. చలి విరగకముందే బయలుదేరి, తట్టుకోలేక వెనక్కి తిరిగారు. నాయకుడు ముందు బండ్లలో వెళ్లిపోయాడు. వెనక మిగిలిపోయిన ఒక మనిషిని జొహాన్సెన్ ప్రాణాలతో తీసుకొచ్చాడు. మర్నాడు అందరి ముందూ నాయకుడిని నిలదీశాడు. అంతే, ధ్రువానికి పోయేవాళ్ల జాబితాలోంచి ఆయన పేరు కొట్టేశారు.

"ఆయన అడిగిండు ఓదెలూ. నువ్వెందుకు అడుగవు?" అన్నాడు డాక్టర్.

"అడిగినందుకు ఆయనకేమైంది డాక్టర్ సాబ్?"

కృపాకర్ పుస్తకం మూసేశాడు. "ఊరికి పోయిండు. తాగుడు పడ్డడు. ఆఖరికి తుపాకి పెట్టి కాల్చుకున్నడు."

"మరింకేంది," అని ఓదెలు జనరేటర్ గదికి పోయాడు.

తిరిగొచ్చాక ఫ్యాక్టరీలో ఆ రిపోర్టు ఆయన కంటే ముందే చేరి ఉంది. ఫోర్‌మన్ పోస్టు వెనకాల వచ్చినవాడికి పోయింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఓదెలు రెండేళ్లు బాగా తాగాడు. చుట్టూ నిశ్శబ్దమైతే జనరేటర్ ఆగిపోయిందని ఉలిక్కిపడి లేచేవాడు. అందుకే స్వరూప చప్పుడు చేసే పాత ఫ్యానునే ఉంచింది, కొత్తది బిగించనియ్యలేదు. తాగుడు దానంతటది తగ్గింది. మాటలు మాత్రం తిరిగి రాలేదు.

మొన్న చలికాలంలో కీర్తిప్రియ కాలేజీలో ఒక ఉపన్యాసం పెట్టారు. నార్వే ధ్రువ యాత్రికులు మనకు మిగిల్చిపోయిందేమిటని విషయం. చెప్పేది రిటైరైన జగదీశ్వర్ సార్.

"నువ్వు అక్కడ పనిచేసింది ఈయనతోనే గదా నాన్నా? రా, నేను మస్తు మందికి చెప్పిన," అంది.

ఉదయం షిఫ్టు దిగి, అదే ఖాకీ చొక్కాతో, బేగంబజార్ దగ్గర ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కుని వెళ్లాడు. వెనక వరసలో కూర్చున్నాడు. సార్ కర్ర పట్టుకుని వేదిక ఎక్కాడు. జుట్టంతా నెరిసింది. స్కీలు, కుక్కల బండ్లు, పచ్చి మాంసం తిని, పళ్లు కూరగాయలు లేక వచ్చే రోగాన్ని తప్పించుకున్న ఉపాయం, తర్వాత నాన్‌సెన్ దేశం లేనివాళ్లకు ఇప్పించిన గుర్తింపు కాగితాలు, అన్నీ చెప్పాడు. బాగా చెప్పాడు. ఓదెలుకు రెండుసార్లు కునుకు పట్టింది. ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగినప్పుడు మాత్రం లేచి నిలబడ్డాడు. తాను లేస్తానని ఆయనే అనుకోలేదు.

"జొహాన్సెన్ పేరు చెప్పలేదు సార్. ఎందుకు?"

పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. జగదీశ్వర్ కళ్లద్దాలు సర్దుకుని చూశాడు, గుర్తుపట్టాడు.

"నలభై నిమిషాల్లో ముగించమన్నారు. ఆ పేజీ తీసేశాను," అన్నాడు. తర్వాత ఆ కథ చెప్పాడు, కాల్చుకున్నదాకా. గంట కొట్టినా ఆపలేదు. సగం మంది పిల్లలు లేచి వెళ్లిపోయారు.

బయట వరండాలో ఇద్దరూ ఎదురుపడ్డారు. కీర్తిప్రియ పక్కనే ఉంది.

"ఓదెలూ, నేను రాసింది తప్పు. అప్పుడు భయపడ్డాను. ప్రాజెక్టు పోతుందని."

"ఎరుకే సార్."

"ఎన్నిసార్లో రాద్దామనుకున్నాను. ఇప్పుడు రాస్తాను. మీ ఆఫీసుకు, మావాళ్లకు."

"వచ్చే యేడు రిటైర్ అయితున్న. రాస్తే ఏమొస్తది?" తనకు కోపం వస్తుందేమోనని ఓదెలు చూసుకున్నాడు. రాలేదు. కాళ్లు మాత్రం పీకుతున్నాయి. "మీ కాలు ఎట్లున్నది?"

"చలికాలం నొప్పి చేస్తుంది."

"వేడి నూనె రాయుర్రి," అని చెప్పి బండి తీశాడు.

అఫ్జల్‌గంజ్ సిగ్నల్ దగ్గర, వెనక కూర్చున్న కీర్తిప్రియ, "నాన్నా, ఏం తప్పు రాసిండు?" అంది. ఆయన చెప్పాడు. హారన్ల మధ్య, సిగ్నల్‌కొక ముక్కగా, ఇల్లు చేరేలోపు అంతా చెప్పాడు. పిల్ల ఆయన నడుము చుట్టూ చేతులు బిగించి కూర్చుంది.

మూడు వారాలకు సార్ ఉత్తరం నకలు వచ్చింది, రెండు పేజీలు. బయలుదేరవద్దని మెకానిక్ ముందే హెచ్చరించాడని, తాను వినలేదని, బండిలో ఏ లోపమూ లేదని, తన పాదం ఆ మనిషి వల్లే నిలిచిందని ఉంది. ఫ్యాక్టరీలో గుమస్తా దాన్ని ఫైల్లో పెట్టి, ఇప్పుడు దీంతో చేసేదేమీ లేదన్నాడు.

ఇంట్లో కీర్తిప్రియ ఇంగ్లీషులో ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతుంటే స్వరూప గడపలో నిలబడి వింది. హెచ్చరిక వాక్యం మళ్లీ చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది.

"ఇంత ముక్క రాసేటందుకు పదహారేండ్లు పట్టిందా ఆయనకు?" అని గట్టిగా అంది, వీధిలోకి వినపడేటట్టు.

ఓదెలు అప్పటికే బూట్లు వేసుకుంటున్నాడు. మధ్యాహ్నం షిఫ్టు. "మెల్లగ అను," అన్నాడు. తర్వాత బూటు లేసు బిగించి, "గట్టిగనే అను, ఏం ఫికర్ లేదు," అని లేచాడు.