పిలిచిన తర్వాతే కత్తి

దయ్యమనేది ఉంటే ముందు నాకే కనపడాలి కదా అని అందరితోనూ పరాచికాలు ఆడేదాన్ని. శవాలగదిలో ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టరును. ఆ గదిలో ఎలుకలకు తప్ప దేనికీ భయపడలేదు.

మా నాయిన లింగాల ఘనపూర్ బడిలో తెలుగు సారు. నేను మెడిసిన్‌లో చేరిన రోజు మాటల పుట్టుక చెప్తూ కూర్చున్నాడు. శ్లేషమంటే కౌగిలి, ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉండటం. దానికి ముందు 'వి' చేరితే విశ్లేషం, విడివడటం. "విచ్ఛేదమంటే ఉత్త నరుకుడే బిడ్డా. విశ్లేషించుడంటే కౌగిలి ఇడిపిచ్చుడు. గది యాదుంచుకో" అన్నాడు. మొదటి సంవత్సరం మొత్తం నరకడమే నేర్పుతారు నాయినా అని నవ్వేశాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో మానుకోట వైపు ఒక సర్కారు దవాఖానలో పోస్టుమార్టాలు చేసేదాన్ని. కోతలో నాకు సాయం చేసే ఐలయ్యకు ఒక అలవాటుండేది. కత్తి పట్టే ముందు శవం రొమ్ము మీద అరచేయి ఆనించి, పేరు పెట్టి పిలిచేవాడు. "అన్నా, జర ఓర్చుకో" అనో, "అవ్వా, అయిపోతది" అనో. పిలిస్తే చేతి కింద బరువు తగ్గుతుందట, అప్పుడే కోయాలట. నాకు విసుగొచ్చేది కానీ, మంచి పనివాడు కాబట్టి ఊరుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం కేసముద్రం దగ్గర పట్టాల మీద దొరికిన యువకుడిని తెచ్చారు. ముఖం గుర్తుపట్టేలా లేదు. చొక్కా జేబులో రవి అని కాలేజీ కార్డు ఉంది. లంబాడీ తండా నుంచి వాళ్లమ్మ వచ్చింది. కొడుకు రాస్తారోకోకని పోయి మూడు రోజులైంది. చొక్కా చూసి మా కొడుకుదేనని కూలబడిపోయింది. బయట జెండాలతో జనం, తొందరగా ముగించమని పోలీసులు.

ఐలయ్య చేయి ఆనించి రవీ అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. చేయి తీసేశాడు.

"పలుకుతలేడు మేడం. గీ పిలగాడు రవి గాడు."

నాకు ఒళ్లు మండింది. కాగితాలన్నీ ఉన్నాయి, తల్లి గుర్తుపట్టింది, ఇంకేం కావాలని అరిచాను. అతను కత్తి ముట్టలేదు. పంతానికే బయటికి వెళ్లి, నీ కొడుకు ఒంటి మీద ఏదైనా గుర్తుందా అని ఆ తల్లిని అడిగాను. చిన్నప్పుడు గడ్డి కోసే మిషన్‌లో పడి ఎడమ చేతి చిటికెన వేలు కొస పోయిందని చెప్పింది.

లోపలికొచ్చి చూశాను. పదివేళ్లూ నిండుగా ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం రవి ఇంటికొచ్చాడు. రాస్తారోకోలో పట్టుకుని వేరే ఊరి పోలీస్ స్టేషన్‌లో ఉంచారట. అంతకుముందు కేసముద్రం రైల్వే స్టేషన్‌లో వానకు తడిసి వణుకుతున్న ఒకతనికి తన చొక్కా ఇచ్చేశాడు. జేబులో కార్డున్న సంగతి మరిచాడు. అతని పేరు అడగలేదు.

ఐసులో పెట్టి రెండు రోజులు ఆగాం. ఎవరూ రాలేదు. ఇక కోయక తప్పదు. "పేరు లేనోన్ని ఏమని పిలువాలె మేడం?" అని ఐలయ్య కుళాయి దగ్గరికి పోయి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఏమీ తోచక, అతను చేసినట్టే నేనూ ఆ రొమ్ము మీద చేయి పెట్టాను. చల్లగా, రాయిలా ఉంది.

అప్పుడు తలుపు దగ్గర చప్పుడైంది. రవి వాళ్లమ్మ. పక్కన రవి. ఎందుకొచ్చిందో ఎవరమూ అడగలేదు. గడప దాటకుండా నిలబడి, లోపల ఉన్నవాడిని చూస్తూ వాళ్ల భాషలో పిలిచింది.

"బేటా."

నా అరచేయి పైకి లేచింది. నేను లేపలేదు. కింద ఏదో వదులైనట్టు, అంతసేపూ నన్ను పట్టుకున్నది విడిచినట్టు అయింది.

ఐలయ్య ఇంకా కుళాయి వైపే తిరిగి ఉన్నాడు. నేను నోరు తెరవలేదు.

"తేలికైంది గదా మేడం. ఇగ కానియ్యుండ్రి" అన్నాడు.

ఐసు చల్లదనానికి చేయి తిమ్మిరెక్కిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అలా అయితే వెనక్కి తిరగని మనిషికి ఎలా తెలిసింది? రిపోర్టులో అన్ని గడులూ నింపాను, ఈ ఒక్కటి రాయడానికి గడి లేదు. ఆ శవాన్ని తండావాళ్లే తీసుకెళ్లారు. తలకొరివి రవి పెట్టాడు.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో పనిచేస్తున్నాను. దయ్యాలను ఈనాటికీ నమ్మను. పేరు తెలియని శవం వస్తే మాత్రం, గదిలో ఎవరూ లేకుండా చూసుకుని, చేయి పెట్టి బేటా అని పిలుస్తాను. కొన్నిసార్లు పలుకుతారు. ఎలాగో నాకు తెలియదు.