రొట్టెలు పెట్టకముందు అన్న మాట

ఢిల్లీలోని ఒక విదేశాంగ మేధోసంస్థ నుంచి ఫోన్ వచ్చినప్పుడు, అబద్ధమెందుకు, పొంగిపోయాను. రాయచూరు కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి మరి! బియ్యం ఎగుమతులు ఆపేసిన కాలమది. ఏ దేశానికి బియ్యం పంపాలి, ఏ దేశానికి ఆపాలి అన్నదాని మీద నివేదిక రాస్తున్నారట. కాలువ కింద వరి పండించే రైతు నోటి మాట కావాలట. వాళ్లు పంపిన అమ్మాయిని నేరుగా పోతనాళలో మా మేనమామ ఇంటికి తీసుకెళ్లాను.

మామ అక్కడి రైతు సంఘానికి పెద్ద. ఎగుమతులు ఆగి వడ్ల ధర పడిపోయింది. బెంగళూరుకు వస్తున్న కేంద్రమంత్రిని కలిసి నిషేధం ఎత్తేయమని అడగడానికి బస్సు మాట్లాడింది ఆయనే. అక్కడ అందరి తరఫునా మాట్లాడాల్సిందీ ఆయనే.

మా పాత ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. దూరం నుంచి వచ్చిన మనిషి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా కష్టం చెప్పకూడదు. ఏమడిగినా బాగుందనే అనాలి. అల్లుడొచ్చినా, తాసిల్దారు వచ్చినా అంతే. అసలు మాట తిన్న తర్వాతే.

వచ్చిన అమ్మాయి కూర్చోగానే కెమెరా పెట్టించి, దేశం కోసం ఎగుమతులు ఆపడం మీకు సమ్మతమేనా అని హిందీలో అడిగింది. మామకు ఉర్దూ బాగా వచ్చు. సర్కారు ఏం చేసినా మంచికే, మేం సంతోషంగానే ఉన్నామని నవ్వుతూ చెప్పి, నా వైపు తిరిగి, "రొట్టెలు తిననియ్యిరా, అన్నీ చెప్త," అన్నాడు. లోపల అత్త పుంటికూరకు తాలింపు పెడుతోంది. ఆ అమ్మాయి లేచి, హైదరాబాదులో విమానం అందుకోవాలంటూ నమస్కారం పెట్టేసింది.

"అరె, తినకుంట ఎట్ల పోతరమ్మా!" అంటూ మామ కారు దాకా వెళ్లాడు. అసలు సంగతి ఇంకా చెప్పలేదని నేనూ బతిమాలాను. కావలసింది దొరికింది సార్, అంది.

నెల తిరక్కుండా అధికార పార్టీవాళ్లు మామ నవ్వుముఖాన్ని పోతనాళ ఫోన్లన్నింటిలో తిప్పారు. తుంగభద్ర రైతు నిషేధాన్ని సంతోషంగా ఒప్పుకున్నాడట! ఒళ్లు మండి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. గొంతు తగ్గించి చెప్పింది, పాపం. వాళ్ల అధ్యక్షుడు ఆ పార్టీ మనిషేనట. విదేశాలకు మంత్రి వెంటే వెళ్తాడట. నివేదికలో ఏముండాలో వీళ్లు ఢిల్లీలో బయలుదేరకముందే తేలిపోయిందట. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే. అన్నేళ్లు రాజనీతి చెప్పిన నాకు ఆ సంగతి తట్టకపోయె, ఖర్మ!

సంఘంలో సగం మంది కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. వాళ్లకు మా పద్ధతేం తెలుసు? "మీకు సంతోషంగానే ఉందిగా పెద్దాయనా, ఇంక మీరెందుకండీ రావడం?" అన్నారు. మావాళ్లేమో, "కెమెరా ముంగట గూడ మర్యాదేనా?" అన్నారు.

"మామా, పేపరుకు రాస్త. ఆ మాట అనలేదని చెప్పు, చాలు," అన్నాను.

"అనలేదని ఎట్లంటరా? నా నోటితోటే అన్న గద."

బస్సు ఆయన లేకుండానే బెంగళూరు వెళ్లింది.

ఇప్పుడు మామ ఎరువు బస్తా కూడా పోతనాళలో కొనడు. తుర్విహాళ పోతాడు. అంత దూరమెందుకు మామా అని మొన్న అడిగాను.

"ఆడ నేనెవరో తెల్వదురా," అన్నాడు.