ఒక్కరికి సరిపోయే కార్బొరేటర్

పందొమ్మిది వందల డెబ్భైల చివర్లో మా ఆయన పోయాక, కారు అమ్మేయమని చుట్టాలందరూ చెప్పారు. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసిన మనిషికి కారు అవసరం గానీ, ఎమ్మిగనూరు బడిలో లెక్కలు చెప్పుకునే నాకెందుకని వాళ్ల మాట. నేను అమ్మలేదు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. పిల్లలు లేని ఇంట్లో మా ఇద్దరిదీ అని చెప్పుకోవడానికి ఆ కారే మిగిలింది.

ఒక చలికాలం అది నల్లగా పొగ వదలడం మొదలుపెట్టింది. గేరు మారిస్తే దగ్గేది. ఆపితే ఒక పట్టాన మళ్లీ స్టార్టయ్యేది కాదు. ఒక ఆదివారం ఎలాగో ఆదోని దాకా తోలుకుపోయి, మా ఆయనకు తెలిసిన మెకానిక్ షెడ్డు ముందు ఆపాను. పెద్దవయసు సాయిబు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటర్ విప్పి, గుడ్డతో తుడిచి చూశాడు.

“అరిగిపోయిందమ్మా. ఎంత సెట్టింగు చేసినా నిలబడదు. మార్చాల్సిందే.”

బల్ల మీద రెండు పెట్టాడు.

“ఈ పెద్దది బళ్లారి నుంచి తెప్పించినా. జీపుది. అయినా మన బండికి కూసుంటాది. నలుగురెక్కినా బాగా లాగుతాది, పెట్రోలు తాగుతాది. ఈ చిన్నది నిదానంగా పోయేటోళ్లకు. కార్లో ఎందరు కూసుంటారు?”

కారు వెనక సీటు వైపు చూశాను.

“నేనొక్కదాన్నే.”

ఏడాదిన్నరగా ఎవరూ నన్ను అది అడగలేదు. నేనూ పైకి అనలేదు.

“అట్లయితే చిన్నది సాలమ్మా.”

“పెద్దదే వేయండన్నా.”

“మళ్లా ఒకసారి ఆలోచన సేసుకోండి. నేను టీ తాగొస్తా.”

ఆయన తిరిగొచ్చాక కూడా అదే మాట చెప్పాను.

ఆ తర్వాత కారు నింపాలని చూశాను. తోటి టీచర్లను ఇంటి దగ్గర దింపుతానంటే, బజారులో పనుందనేవాళ్లు. పక్కింటివాళ్లు ఆస్పరిలో పెళ్లికి పోతున్నారని తెలిసి, కార్లో పోదాం రమ్మన్నాను.

“మీకెందుకు టీచరమ్మా శ్రమ. బస్సుండాది కదా,” అంది పక్కింటావిడ, నా ముఖం వైపు చూడకుండా.

పెళ్లికి పోయేవాళ్లు మొగుడు పోయినదాని కారెందుకు ఎక్కుతారని, వాళ్లు వీధి మలుపు తిరిగాక గానీ నాకు తట్టలేదు. ఆ రోజు బడికి కారు తీయలేదు, నడిచే పోయాను.

మూడు నెలలు గడిచేసరికి ఇంజను మళ్లీ మొరాయించింది. సాయిబు ప్లగ్గులు విప్పితే మసి పట్టి ఉన్నాయి.

“దీనికి బరువుండాల, దూరం పోతాండాల. మీరేమో ఇంటికీ బడికీ తోలుతాండారు.”

“చిన్నది వేయండన్నా.”

ముందే చెప్పినా కదా అని ఆయన అనలేదు. సాయంత్రానికి బిగించి, స్క్రూ కాస్త కాస్త తిప్పుతూ చాలాసేపు చెవి పెట్టి విన్నాడు.

“ఇప్పుడు సరిపోయింది. పోయి రాండి.”

తిరుగుదారిలో కారు ఎక్కడా దగ్గలేదు. ఎమ్మిగనూరు చేరాక మా వీధి వైపు తిప్పబుద్ధి కాలేదు. మంత్రాలయం రోడ్డు పట్టి ఊరు దాటేదాకా పోయి, ఒక జొన్నచేను పక్కన ఆపి, ఇంజను ఆపకుండా కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. చీకటి పడుతుండగా ఇంటికొచ్చి, ఒక్కదానికి సరిపడా అన్నం వండుకున్నాను.