జుమా ఉస్తా పట్టు

టర్కీలోని అంతెప్ ఊరి మాంసం బజారులో జుమా ఉస్తా, అంటే జుమా మేస్త్రి, నలభై ఏళ్లుగా కీమా కొడుతున్నాడు. ఆయన కత్తి మూరెడు పొడవు, నెలవంకలా వంపు. కుడిచేత్తో పిడి పట్టి, ఎడమ అరచేయి కత్తి కొసమీద ఆనించి, అటూ ఇటూ ఊపడమే పని. పక్క కొట్టువాళ్లెవరైనా పిడిని బిగించి పట్టుకున్నారా, ఆయన ఒంటికి కారం రాసినట్టే.

"దాని గొంతెందుకురా అలా పిసుకుతావు? వదులుగా పట్టు. బరువు దానికుంది, నువ్వు ఊపితే చాలు!"

కొట్టు దాటినా ఆ పట్టు ఆయన్ని వదల్లేదు. టీ గ్లాసూ వదులే, బస్సులో కమ్మీ వదులే. బ్రేకు పడ్డప్పుడల్లా ఎవరో ఒకరి ఒళ్లో తేలేవాడు.

"నా చెయ్యి పట్టుకున్న రోజే అనుకున్నా, ఈయన జారవిడిచే రకమని," అనేది భార్య సిద్దికా.

మొన్న కూతురు పురిటికొచ్చి మగబిడ్డను కన్నది. గంటనుంచి గుక్కపట్టి ఏడుస్తున్న ఆ పసివాణ్ణి ఎత్తుకుని ఆడవాళ్లంతా అలిసిపోయారు. అప్పుడు ఉస్తా చేతులు చాచాడు.

"నీకా? అమ్మో! గట్టిగా పట్టుకో!" అని అరిచింది సిద్దికా.

ఆయన వింటేగా! కుడిచేయి తల కింద, ఎడమ అరచేయి పిర్రల కింద పెట్టి, అలవాటైన ఊపుతోనే మెల్లగా అటూ ఇటూ ఊపాడు.

"ఓరి నాయనో, వాడు మనవడయ్యా, కీమా కాదు!"

పసివాడు ఆవులించి కళ్లు మూశాడు. ఇల్లు సద్దుమణిగింది. సిద్దికా కాసేపు మొగుడి చేతులవంక చూసి, గొంతు బాగా తగ్గించి అంది:

"ఆపకు. ఇంకాస్త మెత్తబడనీ."