ఒక గాడిలో రెండు పుల్లలు

పోయిన మంగళవారం పొద్దున మా చిన్నమ్మ గురువమ్మాళ్ కన్నుమూసింది. ఎప్పటిలాగే వాకిలి చిమ్మి, ముగ్గు పెట్టి, లోపలికి వచ్చి, "కొంచెం కూర్చుంటా" అని గోడకు ఆనుకుందట. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. నేను విరుదునగర్‌లో బ్యాంకు మెట్లెక్కుతుండగా చిన్నాయన ఫోను చేశారు. "పాపా, పోయింది" అన్నారు. "అవ్వా?" అని అడిగాను. "కాదు. మీ చిన్నమ్మ" అన్నారు.

అవ్వా అని ఎందుకు అడిగానో చెబితే చిన్నమ్మ ఎవరో తెలుస్తుంది. అవ్వ మా నాయనకు తల్లి, చిన్నమ్మకు అత్త. తొంభై దాటింది. కంటిచూపు పోయి చాలా ఏళ్ళయింది. కరోనా మొదలైననాటి నుంచి, ఆ ఇంటి నుంచి ఫోను మోగితే చాలు, అది అవ్వ గురించేనని నా గుండె ముందుగానే సిద్ధపడేది. అవ్వ కోసం దాచుకున్న దుఃఖం ఆ రోజు చిన్నమ్మ కోసం ఖర్చయింది. ఇంత అన్యాయం ఉంటుందని నేను అనుకోలేదు.

మాది కోవిల్‌పట్టికి తూర్పున ఒక నల్లరేగడి ఊరు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు మాట్లాడతామే గాని మాలో చదివేవాళ్ళు అరుదు. ఉద్యోగం తొలి రోజుల్లో చిత్తూరులో మూడేళ్ళున్నాను గనక నాకు ఈ అక్షరాలు పట్టుబడ్డాయి. చిన్నమ్మ బతికి ఉన్నా ఈ వ్యాసం చదవగలిగేది కాదు. పైగా సంస్మరణల్లో రాసే పద్ధతిలో ఆమెను "వారు" అంటే పగలబడి నవ్వేది. అందుకని ఇంట్లో పిలిచినట్టే రాస్తున్నాను, పెద్దలు మన్నించాలి.

ఆమె పుట్టిల్లు ఏళాయిరంపన్నై. పెళ్ళై వచ్చిన ఏడాదే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనికి చేరింది. మా వైపు దాన్ని ఫ్యాక్టరీ అనరు, "ఆపీసు" అంటారు. పుల్లలు పేర్చడంతో మొదలుపెట్టి, పేర్చే ఆడవాళ్ళందరి మీద మేస్త్రి అయింది. ఆ పని తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. సన్నని చెక్కబద్దల మీద వరుసగా గాడులు ఉంటాయి. గాడికి ఒక్క పుల్ల. బద్ద మీద బద్ద పేర్చి చట్రంలో బిగించి, పుల్లల తలలను మందులో ముంచి ఆరబెడతారు. ఒకే గాడిలో రెండు పుల్లలు పడ్డాయంటే ఆ తలలు రెండూ అతుక్కుపోతాయి, రెండూ పనికిరావు. చిన్నమ్మ కంటికి ఆ తప్పు నిలబడ్డ చోటి నుంచే కనిపించేది.

తిట్టడం ఆమె స్వభావంలో లేదు. రెండో పుల్లను వేలికొసతో లాగి, పేర్చిన మనిషి అరచేతిలో పెట్టి వెళ్ళిపోయేది. అందుకున్నవాళ్ళు సాయంత్రం దాకా ఆ పుల్లను జడలో గుచ్చుకుని పని చేసేవాళ్ళట, మరచిపోకుండా ఉండడానికి. "పుల్లకి ఒక గాడి. ఆనుకునిందా, రెండూ పోయె" అనేది. ఆపీసులో ఈ మాట వినని ఆడమనిషి లేదు.

కరోనా వచ్చినప్పుడు ఊరంతా ఏం చేయాలో తోచక తిరుగుతుంటే, చిన్నమ్మ ఒక్కతే తనకు ముందే తెలిసిన పని వచ్చినట్టు నడుం బిగించింది. సున్నం కలిపి నట్టింట్లో గీతలు గీసింది. చిన్నాయనకు ఒక చోటు, ఇద్దరు కొడుకులకు రెండు, తనకు ఒకటి. ఎవరి చాప వాళ్ళది, ఎవరి చెంబు వాళ్ళది. కొడుకులిద్దరూ బాణసంచా పనికి పోయి వచ్చేవాళ్ళు, చిన్నాయన పాలకేంద్రానికి పోయేవారు, ఆపీసు తెరిచాక తనూ పోక తప్పలేదు. బయటి గాలి పడని మనిషి ఆ ఇంట్లో అవ్వ ఒక్కతే. పెరటి కిటికీ ఉన్న లోపలి గదిలో అవ్వను ఉంచి, ఆ గడప ఎవరూ దాటకూడదని కట్టడి చేసింది. మా వీధిలోనే మూడిళ్ళ అవతల ఒక పెద్దాయన అప్పటికే పోయాడు.

ఆ రోజుల్లో నేను చేసిన ఒక పాపం ఇక్కడ ఒప్పుకోవాలి. బ్యాంకు వాళ్ళకు సెలవులు లేవు. అవ్వను చూసి నెలలు దాటింది. ఒక ఆదివారం స్కూటరు మీద, పండ్లూ మందులూ సంచిలో వేసుకుని పోయాను. చిన్నమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వాసల్లోనే, ఆ వాకిట్లోనే నిలుచుకో పాపా. లోపలికి వద్దు."

"కాళ్ళూ చేతులూ కడుక్కునే వచ్చినా చిన్నమ్మా."

"కడిగినావు, శరి. ఊపిరి కడిగినావా? బ్యాంకిలో ఎందరి మొగం చూసినావో నీకే తెలీదు."

నాకు ఒళ్ళు మండింది. "నేను ఈ ఇంట్లో పుట్టినదాన్ని. నువ్వు వచ్చినదానివి" అనేశాను.

ఆమె మొహంలో ఏమీ మారలేదు. "శరి, పుట్టినదానివే. వాసల్లో నిలుచుకో" అన్నది.

లోపలి నుంచి అవ్వ, "ఎవురమ్మా వచ్చింది?" అని అడిగింది. "మందులు ఇచ్చే ఆయన, అత్తా" అని చిన్నమ్మ జవాబిచ్చింది. నేను సంచి మెట్టు మీద పడేసి, చెప్పకుండా వెళ్ళిపోయాను.

మంగళవారానికి నాకు జ్వరం. గురువారానికి కాఫీ వాసన తెలియలేదు. ఫోను చేసి విషయం చెప్పి, "చూసినావా, నేను చెప్పలేదా" అంటుందని చెవులు మూసుకున్నంత పని చేశాను. ఆమె అడిగిన మాట ఒక్కటే. "ఏమి తిన్నావు?" ఆ ఆదివారం నేను గడప దాటి, అవ్వ ఎప్పటిలాగే నా మొహమంతా తడిమి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

చిన్నమ్మ తప్పు చేయని మనిషి అని నేను రాయడం లేదు. ఒక తప్పు చేసింది. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పొద్దు వాలే వేళ అందరూ చుట్టూ కూర్చుంటే, సజ్జ సంకటీ పులుసూ పెద్ద గిన్నెలో కలిపి, అవ్వ ఒక్కొక్కరి అరచేతిలో ముద్ద పెడుతుంది. "చెయ్యి చాపు" అంటుంది, పెడుతుంది. చూపు పోయాక కూడా చెయ్యి తడిమి, ఇది ఫలానావాళ్ళదని చెప్పేది. అందరికీ పెట్టాక గిన్నెలో మిగిలింది తాను తింటుంది. పెళ్ళైన నాటి నుంచి ఆమె మరోలా తినలేదు. కట్టడి వచ్చాక అవ్వకు వేరే కంచం పెట్టి గడప దగ్గర ఉంచేవాళ్ళు. కంచం ఖాళీగా తిరిగి వచ్చేది. అవ్వ చక్కగా తింటున్నదని అందరూ నమ్మారు.

మూడు వారాలు గడిచాక ఒక సాయంత్రం చిన్నమ్మ పెరట్లో బట్టలు తీస్తూ కోళ్ళను చూసింది. అవి కిటికీ కింద వరుస కట్టి పైకి చూస్తున్నాయి. బాగా బలిశాయి కూడా. ఆమె కిటికీ దగ్గరికి పోయి లోపలికి చూసింది. అవ్వ భుజాల ఎముకలు రవికె పైన తేలి ఉన్నాయి.

"అత్తా, ఏంటికి ఇట్లా చేస్తుండారు?"

"ఎవురికీ పెట్టకుండా తినేదెట్లమ్మా. కోళ్ళకన్నా పెడితి."

"మీరు తిన్నారా?"

"పెట్టినాక ఏమన్నా మిగిలితే తింటుండా" అన్నది అవ్వ. కోళ్ళు మిగల్చవు కదా.

ఆ సాయంత్రమే నాకు ఫోను చేసింది. "పాపా, చదివినదానివి, చెప్పు. ఈ కరోనా సీక్కు తగిలి పోయేది ఒకటి. తగలకుండానే పోయేది ఒకటి. ఏది మేలు?" నేను టీవీలో విన్నవన్నీ అప్పజెప్పాను. ఎవరూ దగ్గరికి పోకూడదు, దూరం నుంచే బుజ్జగించి తినిపించాలి అన్నాను. "దూరం నుంచి ఎట్లా తినిపించేది, నువ్వే చెప్పు" అన్నది. నేను టీవీ కట్టేశాను. ఆమె "శరి, పని చూసుకో" అని పెట్టేసింది. అవ్వ చనిపోతుందన్న భయం నాకు ఎంత ఉందో ఆమెకూ అంతే ఉంది. తేడా ఏమిటంటే నేను భయపడుతూ కూర్చున్నాను, ఆమె లేచింది.

మర్నాడు ఆపీసుకు రానని కబురు పంపింది. పెరట్లో పత్తి వేసే కొట్టు ఖాళీ చేసి, పద్నాలుగు రోజులు అందులో ఒక్కతే ఉంది. ఎవరి మొహమూ దగ్గరగా చూడలేదు. ఆ రోజులన్నీ కోళ్ళను గంప కింద మూయించింది, ఏదో కొంత అవ్వ నోట్లోకి పోతుందని. దగ్గు లేదు, జ్వరం లేదు అని తేలాక తలకు పోసుకుని, అవ్వ గదిలోకి పోయి తలుపు వేసుకుంది. వంట మగవాళ్ళు ముగ్గురూ నేర్చుకున్నారు. నేర్చుకున్నారని చెప్పడం నా మర్యాద. గిన్నె గడప దగ్గర పెట్టి వాళ్ళు తప్పుకుంటే, చిన్నమ్మ లోపలికి తీసుకునేది. అవ్వ కలిపి, "చెయ్యి చాపు" అనేది.

మొదటి ముద్ద చిన్నమ్మది. రెండోది చిన్నాయనది, మూడూ నాలుగూ కొడుకులవి. వాళ్ళు రాలేరని చెబితే అవ్వ మళ్ళీ కిటికీ వైపు తిరుగుతుందని, చిన్నమ్మే కుడిచెయ్యి ఒకసారి, ఎడమచెయ్యి ఒకసారి చాపి నలుగురి ముద్దలూ తినేసేది. అప్పుడు అవ్వ కడపట గిన్నె తుడుచుకుని తినేది. లోకమంతా చిక్కిపోయిన ఆ ఏడాది మా చిన్నమ్మ లావెక్కింది. అవ్వకు ఆ మోసం తెలియదంటే నేను నమ్మను. అగ్గిపుల్లల మందుకు పగిలిన ఆ అరచెయ్యి ఎవరిదో అవ్వకు తెలియకపోవడమా. అయినా ఏ రోజూ బయటపెట్టలేదు. ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరు అలా కాచుకున్నారు.

ఒళ్ళు కుదుటపడ్డాక ఒకసారి పోయి కిటికీకి దూరంగా నిలబడ్డాను. అవ్వ భుజాలు నిండాయి. చిన్నమ్మ కమ్మీల వెనక నుంచి నవ్వింది. "ఇన్ని ఏండ్లు ఎవురు చేసినా లాగి చేతిలో పెట్టినా. ఇబ్బుడు నేనే చేస్తుండా చూడు. ఒక గాడిలో రెండు పుల్లలు." గుమ్మం దగ్గర నేను అన్న మాటకు క్షమాపణ చెప్పబోతే, "అవన్నీ ఇబ్బుడు ఏంటికి, సుమ్మా ఉండు పాపా, ఎండలో నిలుచుకోవద్దు" అన్నది. నేను ఆ క్షమాపణ ఆమెకు పూర్తిగా చెప్పనే లేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆ ఇల్లు నాకంటే ముందు నీది, చిన్నమ్మా.

నెలల తర్వాత ఆమె బయటికి వచ్చేసరికి మేస్త్రి పని వేరొకరికి పోయింది. తాను నేర్పిన పిల్ల కిందనే మళ్ళీ పుల్లలు పేర్చడానికి కూర్చుంది, ఏ మాత్రం చిన్నబుచ్చుకోకుండా. సూది మందు వచ్చినప్పుడు, అది వేసుకుంటే ముసలివాళ్ళు బతకరని వీధిలో పుకారు లేచింది. చిన్నమ్మ తన వంతు రాగానే వేయించుకుని, ఆ చేతితోనే రెండు బిందెల నీళ్ళు మోసి వీధి పొడుగునా నడిచింది. ఆ వారమే అవ్వను ఆటోలో తీసుకుపోయింది. వెనకే ఇంకో నలుగురు పెద్దవాళ్ళు కదిలారు.

అవ్వ ఈ రోజు ప్రాణంతో ఉన్నదంటే అది అదృష్టం కాదు, దైవం ఒక్కటే కాదు, ఆ గదిలోకి పోయి తలుపు వేసుకున్న ఒక కోడలి నిర్ణయం. ఈ విషయంలో నాకు సందేహం లేదు. ధైర్యమంటే పెద్ద మాటలని, త్యాగమంటే పుస్తకాల్లోదని అనుకునేవాళ్ళు ఆమెను ఒకసారి చూసి ఉండవలసింది. ఆమె స్థానం భర్తీ అయ్యేది కాదు. ఆపీసులో మేస్త్రులు వస్తారు, ఇంటికి కోడళ్ళు వస్తారు, అలాంటి మనిషి రాదు.

మంగళవారం చిన్నమ్మకు స్నానం చేయించి పడుకోబెట్టాక అవ్వను నడిపించుకు వచ్చాం. నుదురు, ముక్కు, గడ్డం తడిమింది. "జుట్టు తడిగా ఉండాది. ఆరనియ్యండి" అన్నది. ఏడవలేదు. అది చూస్తే మాకు భయమేసింది. ఇక ఎవరి కోసం తింటుంది అని చిన్నాయన నన్ను పక్కకు పిలిచి అడిగారు. ఒకప్పుడు చిన్నమ్మ నన్ను ఫోనులో అడిగినట్టే అడిగారు.

దహనం ముగించుకుని మగవాళ్ళు తిరిగి వచ్చాక, చుట్టాలు తమ ఇంటి నుంచి సంకటీ పులుసూ తెచ్చారు. పొద్దు వాలుతున్నది. గిన్నె అవ్వ ముందు పెట్టి అందరం చుట్టూ కూర్చున్నాం. అవ్వ గిన్నె అంచు చుట్టూ తడిమింది. తర్వాత కలిపింది. ముద్ద చేసి, చిన్నమ్మ ఎప్పుడూ కూర్చునే కుడివైపుకు తిరిగి, "చెయ్యి చాపు" అన్నది.

చిన్నాయన తల దించుకున్నారు. నేను జరిగి ఆ చోట కూర్చుని చెయ్యి చాపాను. అవ్వ బొటనవేలితో నా అరచేతిని నెమ్మదిగా తడిమింది.

"నువ్వా పాపా."

"అవును అవ్వా."

"మెత్తగా ఉండాది" అని ముద్ద పెట్టింది. వెంటనే ఇంకో ముద్ద చేసింది. "ఆ చెయ్యి కూడా చాపు. ఇది దానిది."

రెండూ తిన్నాను. చిన్నాయనకు పెట్టింది, కొడుకులిద్దరికీ పెట్టింది. పెట్టడం అయ్యాక గిన్నె తన వైపుకు లాక్కుంది.

నీకు మేము ఇవ్వగలిగిన నివాళి ఇదొక్కటే. చిన్నమ్మా, అవ్వ తిన్నది.